నాడులు, సీమలు, సర్కారులు: మన ప్రాంతముల పేర్లు పుట్టిన తీరు

ప్రభుత్వ దస్తరములయందు ప్రతి గ్రామమునకు ఒక చిరునామా కలదు. గ్రామము, మండలము, రెవిన్యూ డివిజను, జిల్లా అను వరుసలో అది వ్రాయబడును. వీనిలో ప్రతిదానికిని ఎల్లలు కలవు, పటము కలదు, బాధ్యుడగు అధికారి కలడు. కాని ప్రజల నోట మెదలు చిరునామా వేరు. “మాది పలనాడు”, “మాది కోనసీమ”, “మాది రాయలసీమ” అని మనవారు చెప్పుకొందురు. రాయలసీమకు ఒక కలెక్టరు లేడు. ఉత్తరాంధ్రకు ఎల్లరాళ్లు లేవు. అయినను ఈ పేర్లు చెప్పినంతనే ఏ నేల, ఏ యాస, ఏ పంట, ఏ కష్టము అనునది వినువారికి స్ఫురించును.

ఈ ప్రాంతములను కొండలు, నదులు మాత్రమే ఏర్పరచినవని తలచుట సరికాదు. వీనిలో చాలభాగము ఒకప్పటి పరిపాలనా విభాగములే. ఏదో ఒక కాలమున ఒక రాజో, ఒక నవాబో, ఒక కంపెనీ దొరయో శిస్తు వసూలు కొరకు దేశమును పంచుకొని ఒక గీత గీసెను. ప్రభుత్వము మారినప్పుడు ఆ గీత చెరిగిపోయెను. కాని ఆ గీతకు లోబడి తరతరములు బ్రతికిన ప్రజల అలవాట్లు మాత్రము చెరగలేదు. పేరు ఆ అలవాట్లను పట్టుకొని నిలిచెను.

పంచాయతీ సభ్యులు ఈ సంగతి తెలిసికొనుట ఆవశ్యకము. నీటి పంపకము, ఉద్యోగములు, వెనుకబడిన ప్రాంతములకు నిధులు అను ప్రశ్నలు వచ్చినపుడెల్ల ఈ వాడుక పేర్లు ముందుకు వచ్చుచున్నవి. పేరు వెనుకనున్న చరిత్ర తెలిసినవాడు తన గ్రామమునకు రావలసినదానిని ఆధారముతో అడుగగలడు; పేరును పట్టుకొని రెచ్చగొట్టువారి మాటను తూచి చూడగలడు.

నాడు అనగా నేమి?

శాతవాహనుల కాలమున రాజ్యము “ఆహారము”లను విభాగములుగా పంచబడియుండెను. పిమ్మట పల్లవుల శాసనములలో “రాష్ట్రము” అను మాట కానవచ్చును. గుండ్లకమ్మ నదీ ప్రాంతము కర్మరాష్ట్రము, నెల్లూరు ప్రాంతము ముండరాష్ట్రము అని పిలువబడెను. ఆనాటి రాష్ట్రము నేటి రాష్ట్రమువంటిది కాదు; ఇంచుమించు ఒక జిల్లాయే. 7వ శతాబ్దమునుండి వేంగిని పాలించిన తూర్పు చాళుక్యులు ఇట్టి విభాగమును “విషయము” అనిరి. శాసన భాష ఎట్లున్నను ప్రజల తెలుగు మాట “నాడు”. కర్మరాష్ట్రము కమ్మనాడయినది ఇట్లే.

తెలుగులో దొరకిన మొదటి శాసనములు 6వ శతాబ్దమునాటివి. కడప ప్రాంతమునందలి కలమళ్ల, ఎర్రగుడిపాడు గ్రామములలో ఇవి లభించినవి. వీనిని వేయించిన ఎరికల్ ముత్తురాజు రేనాటి నేలిన తెలుగు చోడుడు. అనగా మన భాషకు దొరకిన తొలి వ్రాతలతోనే ఒక నాటి పేరు కూడ ముడిపడియున్నది. శాసనములలో ఈ నాడుల ప్రక్క సంఖ్యలు కూడ కనబడును: రేనాడు ఏడువేలు, వెలనాడు ఆరువేలు, సబ్బి వేయి. ఈ సంఖ్య గ్రామములదా, పన్నుదా అనుటలో పండితులకు ఏకాభిప్రాయము లేదు. లెక్క ఏదైనను ఒక మాట స్పష్టము. నాడు అనగా ఊరక దేశమును వర్ణించు పేరు కాదు, రాజు లెక్కపుస్తకములోని పద్దు.

పలనాడు నిలిచినది, వెలనాడు మాసినది

నాడులన్నియు ఒక్కతీరున నిలువలేదు. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు 12వ శతాబ్దమున తీరాంధ్రములో మిక్కిలి బలవంతులైరి. అట్టి వెలనాడు నేడు ఏ రైతు నోటను ప్రాంతనామముగా వినబడదు. వెలనాటివారు, పాకనాటివారు, ములికినాటివారు, కాసలనాటివారు అను శాఖానామములలో మాత్రము ఆ పాత విభాగములు దాగియున్నవి. తాతలు ఏ నాటినుండి వచ్చిరో ఆ పేరు వంశమునకు అంటుకొన్నది. నేలమీద మాత్రము చెరిగిపోయినది.

పలనాటి కథ వేరు. ఉత్తరమున కృష్ణ, తక్కిన దిక్కుల అడవులు, గుట్టలు దానికి సహజమైన పొలిమేరలు. 12వ శతాబ్దమునాటి పలనాటి యుద్ధమును తలచుకొని కారెంపూడిలో నేటికిని ఏటేట వీరుల ఉత్సవము జరుగుచున్నది. వీనికి తోడు ఇంగ్లీషువారి పాలనలోను పలనాడు అను పేరుతోనే ఒక తాలూకా ఉండెను. గురజాల దానికి ముఖ్యపట్టణము. అనగా కొత్త ప్రభుత్వము పాత పేరును తన దస్తరములో తిరిగి వ్రాసికొన్నది. వెలనాటికి ఆ భాగ్యము కలుగలేదు. దాని నేల వేరువేరు పేర్ల క్రింద పంచబడెను.

కోనసీమ కూడ ఇట్టిదే. గౌతమికి, వసిష్ఠకు నడుమనున్న ఈ నేలను 12వ శతాబ్దమున కోనమండలము పేరున హైహయ వంశీయులు ఏలిరి. తరువాత అమలాపురము, రాజోలు మున్నగు తాలూకాలు ఏర్పడినను, చుట్టును నీరున్నందున అది ఒక్క సీమ అను భావము ప్రజలలో నిలిచెను. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రములోని 13 జిల్లాలు 26 జిల్లాలుగా పంచబడినపుడు పలనాడు, కోనసీమ రెండును జిల్లాల పేర్లయినవి. దస్తరమున పుట్టి ప్రజల నోట మిగిలిన మాట మరల దస్తరములోనికి వచ్చెను. కాని పాత పలనాడును, పలనాడు జిల్లాయును ఒక్కటి కావు. పాత పలనాటి తాలూకాకు వెలుపలనుండిన నరసరావుపేటయే నేటి జిల్లాకు ముఖ్యపట్టణము. పేరు తిరిగి వచ్చినపుడు దాని ఎల్లలు మారివచ్చుట సహజము.

సర్కారులు

విజయనగర రాజుల కాలమున దేశము రాజ్యములుగను, రాజ్యములు సీమలుగను, సీమలు స్థలములుగను పంచబడెను. ఉదయగిరి రాజ్యము, పెనుగొండ రాజ్యము, చంద్రగిరి రాజ్యము అనునవి ఆనాటి పెద్ద విభాగములు. గుత్తిసీమ, గండికోటసీమ వంటివి వీనిలోని భాగములు. నేడు మనము చనువుగా వాడుకొను “సీమ” అను మాట అప్పటి పరిపాలనలోని పారిభాషిక పదమే.

గోలకొండ సుల్తానుల నాటను, మొగలాయి, నిజాముల నాటను దేశము సర్కారులుగను, పరగణాలుగను ఏర్పడెను. తీరమున శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అను 5 సర్కారులుండెను. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాను పొంది, 1766లో నిజాముతో ఒడంబడిక చేసికొని, ఇంగ్లీషు కంపెనీవారు వీనిని స్వాధీనపరచుకొనిరి. గుంటూరు మాత్రము నిజాము తమ్ముడగు బసాలత్ జంగు జాగీరుగా నుండి, 1788లో కంపెనీకి చేరెను. ఈ అయిదింటిని కలిపి “ఉత్తర సర్కారులు” అనిరి. మన పెద్దలు చాలకాలము “సర్కారు జిల్లాలు” అని చెప్పుకొనుచుండిరి. ఇప్పుడు ఆ పేరు ఒక రైలుబండికి తప్ప వాడుకలో అంతగా లేదు. దాని స్థానమున “కోస్తా” అను మాట వచ్చినది.

దత్తమండలములు రాయలసీమ అయిన విధము

1800 అక్టోబరు 12న నిజాము, తనకు కంపెనీవారు ఇచ్చు సైన్యసహాయమునకు బదులుగా, మైసూరు యుద్ధములలో తనకు దక్కిన దేశమును కంపెనీకి ధారపోసెను. బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములు, కర్నూలులో కొంత భాగము ఇందుండెను. ఈ ప్రాంతమునకు “దత్తమండలములు” అని పేరు వచ్చెను. ఇయ్యబడిన జిల్లాలని దాని యర్థము. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు ఇచట పనిచేసెను. పాళెగాండ్రను అణచి, రైతునుండి నేరుగా శిస్తు తీసికొను రైత్వారీ పద్ధతిని నెలకొల్పెను.

ప్రజలు ఈ పేరును నూరేండ్లకు మించి మోసిరి. తమ నేల ఒకరు ఒకరికి ఇచ్చివేసిన వస్తువు అను అవమానము ఆ పేరులో ఉన్నది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినపుడు చిలుకూరి నారాయణరావుగారు దత్తమండలములకు మారుగా “రాయలసీమ” అను పేరును సూచించిరి. విజయనగర రాయలు ఏలిన సీమ అని దాని భావము. ఏ గెజిటులోను ప్రకటింపబడకయే ఆ పేరు పది సంవత్సరములలో ఇంటింటి మాటయయ్యెను.

ఇచట గమనింపవలసినది ఒకటి కలదు. పేరు మారుటతో ఎల్లలు కూడ మారినవి. చిత్తూరు జిల్లా 1911లో ఉత్తరార్కాటు, కడప జిల్లాల భాగములతో ఏర్పడినది. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు దత్తమండలములలోనివే గాని, చిత్తూరు, చంద్రగిరి ప్రాంతములు నిజాము ఇచ్చినవి కావు. అయినను చిత్తూరు రాయలసీమయే. బళ్లారి దత్తమండలములకు గుండెకాయవంటిది. అయినను 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు వచ్చి, తక్కిన బళ్లారి జిల్లాలో చాలభాగము మైసూరునకు పోగా, బళ్లారి రాయలసీమ లెక్కలోనుండి జారిపోయినది.

మిగిలినది తెలంగాణము

తెలంగాణము అను మాట తెలుగు దేశమునకు సామాన్యముగా వాడిన పాత పేరు. బహమనీ సుల్తానులు తమ రాజ్యమును నాలుగు తరఫులుగా పంచినపుడు అందొకటి తెలంగాణము. నిజాము 1766లోను, 1788లోను సర్కారులను, 1800లో దత్తమండలములను వదలుకొనెను. అప్పుడు ఆతని చేతిలో మిగిలిన తెలుగు నేలకే ఆ పేరు స్థిరపడెను. హైదరాబాదు సంస్థానమున తెలంగాణము, మరాఠ్వాడ, కర్ణాటక భాగము అని మూడు భాషా ప్రాంతములుండెను. 1865లో మొదటి సాలార్ జంగు జిల్లాబందీ చేసి అందలి జిల్లాలను క్రమపరచెను. 1956లో మరాఠ్వాడ బొంబాయి రాష్ట్రమునకు, కర్ణాటక భాగము మైసూరునకు చేరగా, తెలంగాణము ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. 2014 జూన్ 2న ప్రత్యేక రాష్ట్రమాయెను. వాడుక ప్రాంతము సంపూర్ణ రాష్ట్రమైన నిదర్శనము మన కన్నులయెదుటనే యున్నది.

ఉత్తరాంధ్ర

ఈ పేరు కొత్తదివలె కనబడును. కాని దాని ఆకారము పాతదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు గంజాము జిల్లా విడిపోయెను. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళము ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో కలిసెను. ఆ పెద్ద జిల్లానుండి 1950లో శ్రీకాకుళము జిల్లా విడివడినది. 1979లో ఆ రెండింటి భాగములతో విజయనగరము జిల్లా ఏర్పడినది. నేడు ఉత్తరాంధ్ర అని మనము చెప్పుకొనునది ఇంచుమించు 1936 నుండి 1950 వరకు ఉండిన విశాఖపట్టణము జిల్లాయే. జిల్లా పగిలినను కలిసియున్న భావము పగులలేదు.

పేరు నిలుచుటకు కారణములు

ఒక విభాగము చెరిగిన పిమ్మట దాని పేరు నిలువవలెనన్న ఆ గీత ప్రజల బ్రతుకులోనికి దిగియుండవలెను. అట్లు దిగుటకు మూడు మార్గములు ముఖ్యములు.

మొదటిది భూమి శిస్తు. సర్కారులలో 1802 మొదలు శాశ్వత పరిష్కారము వలన జమీందారులు బలపడిరి. దత్తమండలములలో రైత్వారీ పద్ధతి వచ్చెను. నిజాము దేశమున జాగీర్దారులు, దేశముఖులు ఉండిరి. ఒకే తెలుగు రైతు మూడు చోట్ల మూడు రకముల దొరలకు శిస్తు కట్టెను. గ్రామోద్యోగుల పేర్లు సైతము వేరయ్యెను. ఇటు కరణము, మునసబు. అటు పట్వారీ, పటేలు. 1980 తరువాతి సంవత్సరములలో ఆ ఉద్యోగములు రద్దయినను ఆ మాటలు ముసలివారి నోట ఇంకను వినబడుచున్నవి. భూమి కాగితములలోను ఇదే భేదము. ఇచట అడంగలు, డైగ్లాటు; అచట పహాణీ, సేత్వారు.

రెండవది నీరు. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి, విజయవాడవద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. డెల్టాలో మాగాణి పెరిగెను. సీమలో వానయే దిక్కయిన మెట్టభూములు, కరవులు మిగిలెను. అప్పటినుండి ప్రాంతముల నడుమ భేదము శిస్తు పుస్తకములనుండి అన్నపు పళ్లెము వరకు వచ్చెను.

మూడవది రాకపోకలు. తాలూకా కచేరి, కోర్టు, సంత ఎచటనుండిన ప్రజలు అచటికే పోవుదురు. సంబంధములు ఆ దారినే కుదురును. రెండు మూడు తరములు గడచునప్పటికి ఆ దారి వెంట ఒక యాసయు, “మనవారు” అను భావమును ఏర్పడును. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. అయినను ఒక మండలమువారు తమ పాత తాలూకా పట్టణమునే పెద్ద ఊరుగా తలచుట మనము చూచుచునే యున్నాము.

అంచులలోని గ్రామముల చిక్కు

వాడుక పేరు మాటలలో ఉన్నంతవరకు దాని ఎల్ల ఎక్కడ అను ప్రశ్న రాదు. ఆ పేరు ఒప్పందములోనికో, చట్టములోనికో వచ్చిననాడు ఆ ప్రశ్న తప్పదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి గృహమగు శ్రీబాగునందు కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడిక చేసికొనిరి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి విషయమున రాయలసీమ అవసరములకు ప్రాధాన్యము ఇయ్యవలెననియు, రాజధాని, హైకోర్టులలో ఒకదానిని కోరుకొను అవకాశము సీమవారికి ఉండవలెననియు అందు వ్రాసికొనిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు కర్నూలు రాజధాని యగుటకు ఈ ఒడంబడికయే మూలము.

1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వున ప్రభుత్వోద్యోగములకు జోనులు ఏర్పడినవి. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలు ఒక జోనయ్యెను. చిత్తూరు, కడప, అనంతపురము, కర్నూలు జిల్లాలు వేరొక జోనయ్యెను. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టములో రాయలసీమకును, ఉత్తర కోస్తాకును ప్రత్యేకాభివృద్ధి సహాయమును గూర్చిన మాట చేరెను. వాడుక పేర్లు ఇట్లు ఉద్యోగములకు, నిధులకు ఆధారములైనవి.

ఇక గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములను చూడుడు. 1970 వరకు ఇవి కర్నూలు జిల్లాలోనివి. ఆ సంవత్సరము ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు ఇవి అందు చేరెను. 1972లో దానికే ప్రకాశము జిల్లా అని పేరు పెట్టబడెను. నేల మారలేదు, వాన మారలేదు. కరవు నాటికి నేటికి ఒక్కటియే. కాని జిల్లా మారుటచే ఆ గ్రామములు కోస్తా లెక్కలోనికి వచ్చెను. 1975 నాటి జోనులలో గిద్దలూరు యువకుడు గుంటూరు, నెల్లూరు జిల్లాలవారితో ఒక జోనున పడెను. నల్లమలకు ఆవలనున్న నంద్యాల యువకుడు వేరొక జోనున పడెను. నిన్నటివరకు వారిద్దరిది ఒకే జిల్లా.

భద్రాచల ప్రాంతపు కథ ఇంకను చిక్కైనది. అది తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, 1959లో ఖమ్మము జిల్లాకు మార్చబడెను. ఒకే రాష్ట్రమున ఉన్నంతకాలము అది కలెక్టరు మారుట మాత్రమే. 2014లో రాష్ట్రము రెండైనపుడు అదియే పెద్ద ప్రశ్నయయ్యెను. పోలవరము ముంపు కారణముగా ఖమ్మము జిల్లానుండి 7 మండలముల గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో చేర్చబడినవి. భద్రాచలము పట్టణము తెలంగాణమునందే నిలిచెను. ఏదో ఒక కాలమున సౌకర్యము కొరకు చేసిన చిన్న మార్పు రెండు తరముల పిమ్మట పల్లెల జాతకమును నిర్ణయించుట ఇందువలన తెలియుచున్నది.

పంచాయతీలు చేయదగినది

కావున సభ్యులు మూడు విషయములు మనసున నుంచుకొనదగును.

మొదటిది. వాడుక ప్రాంతము పేరు దానంతటది హక్కు కాదు. హక్కును చట్టము, ఉత్తర్వు ఇచ్చును. ఒక పథకము “రాయలసీమకు”, “ఉత్తరాంధ్రకు” అని వచ్చినపుడు, అందు ఏ జిల్లాలు, ఏ మండలములు వ్రాయబడినవో ఉత్తర్వును చదివి తెలిసికొనవలెను. తమ గ్రామము అంచుననుండి, పరిస్థితి ఒకటియైనను లెక్కనుండి తప్పిపోయినచో, ఊరక ప్రాంతాభిమానముతో గాక వర్షపాతము, సాగునీరు, వలస, భూగర్భజలముల లెక్కలతో అర్జీ పెట్టవలెను. పేరుకంటె లెక్క బలమైనది.

రెండవది. జిల్లా, మండలము మార్పులపై ప్రభుత్వము ప్రకటన చేసి అభ్యంతరములు కోరినపుడు గ్రామసభలో ఆ ప్రకటనను చదివి వినిపింపవలెను. కచేరి ఎంత దూరమగును, బస్సు ఏ దారిన పోవును, కాలువ తల ఏ డివిజనులో ఉండును అని ముందుగనే చర్చింపవలెను. గీత గీసిన పిమ్మట దానిని మార్చుట కష్టము. ఇంతవరకు చెప్పిన ఉదాహరణములే సాక్ష్యము.

మూడవది. గ్రామ చరిత్రకు ఆధారములను కాపాడవలెను. గుడి స్తంభముమీది శాసనము, చెరువుగట్టునందలి రాయి, పాత ఇనాము పట్టా, జమీందారీనాటి రసీదు, ఇవి మన గ్రామము ఏ నాటిది, ఏ సీమది, ఏ పరగణాది అని చెప్పు సాక్షులు. ఊరిపేరు చివరనున్న అగ్రహారము, ఖండ్రిక, ముఖాసా, జాగీరు అను మాటలు కూడ ఒకప్పటి భూమి ఏర్పాటును తెలుపును. శాసనపు రాతికి సున్నము కొట్టుట, గుడి మరమ్మతులలో దానిని గోడలో వేయుట కూడదు. 19వ శతాబ్దారంభమున కల్నలు మెకంజీ తన సహాయకులచే ఊరూరి వృత్తాంతములను వ్రాయించెను. ఆ కైఫీయతులలో తమ గ్రామము కలదేమో విచారింపవచ్చును. కడపజిల్లా కైఫీయతులు సంపుటములుగా అచ్చుపడియున్నవి.

నాడు, విషయము, సీమ, సర్కారు, తాలూకా, సమితి, మండలము, ఇన్ని పేర్లు మన గ్రామములమీదుగా గడచిపోయినవి. ప్రతి మార్పునకును గ్రామమే క్రింది మెట్టు. రాజులనాడు ఆ గీతలు గ్రామమును అడిగి గీయబడలేదు. నేడు గ్రామసభ కలదు, ఎన్నికయైన పంచాయతీ కలదు. ప్రకటన వచ్చిననాడు సభ కూర్చి, అభిప్రాయమును తీర్మానముగా వ్రాసి, గడువులోగా పంపిన గ్రామము మాట దస్తరములో నిలుచును. పంపని గ్రామము మాట ఎవరికిని వినబడదు.